గంటకు 40 దాటని దారిలో టర్బో ఎందుకు? అండమాన్ చెబుతున్న కూపే లెక్క

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉత్తరానికి వెళ్లే ప్రతి బండీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సిందే. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు దాదాపు 50 కిలోమీటర్ల దారి జరావాల రక్షిత అడవి గుండా పోతుంది. బండ్లన్నీ బారులు తీరి, పోలీసు కాపలాతో, ఒకదాని వెనుక ఒకటిగా కదలాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఓవర్‌టేక్ చేయకూడదు, మధ్యలో ఆపకూడదు. లక్షలు పోసి కొన్న టర్బో ఇంజన్ ముందున్న సిమెంటు లారీ ఎంత వేగంతో పోతే అంతే వేగంతో పోతుంది.

స్పోర్ట్స్ కార్ల గురించి మాట్లాడటానికి ఇది తగిన చోటు కాదనిపించవచ్చు. కానీ ప్రపంచమంతా ఇప్పుడు సాగుతున్న ఒక వాదనను పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. మామూలు ఉద్యోగి కొనగలిగే కూపేలో ఏది ఉండాలి, టర్బోనా, హైబ్రిడ్డా? కంపెనీలు, పన్నుల శాఖలు, కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు, అందరికీ ఇందులో తలో అభిప్రాయం ఉంది. దీవుల్లో మాత్రం పెట్రోలు ఓడలో వస్తుంది, కరెంటు ఎక్కువ భాగం డీజిల్ నుంచి వస్తుంది, దూరాలు చిన్నవి. ఏ లెక్కనూ దాచిపెట్టడానికి వీల్లేదు.

ప్రెల్యూడ్ రేపిన గొడవ

వాదన మళ్లీ రాజుకుంది హోండా వల్ల. 1978 నుంచి 2001 వరకు తయారైన ప్రెల్యూడ్ కూపేను ఆ కంపెనీ 2025 సెప్టెంబర్‌లో జపాన్‌లో తిరిగి అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాత అమెరికాకూ పంపింది. రెండు తలుపులు, వాలుగా దిగే కప్పు, సివిక్ టైప్ ఆర్ నుంచి తెచ్చిన సస్పెన్షన్, బ్రేకులు. లోపల మాత్రం 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌తో కలిసి పనిచేసే హైబ్రిడ్ వ్యవస్థ. మొత్తం శక్తి 200 హార్స్ పవర్. అమెరికాలో ధర 42 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది.

అక్కడి విమర్శకులకు మండింది ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. దానికంటే సుమారు 10 వేల డాలర్లు తక్కువకు ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్ దొరుకుతుంది. అందులో 2.3 లీటర్ల టర్బో ఇంజన్, 315 హార్స్ పవర్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తూ మొదటి స్పోర్ట్స్ కారు కొనాలనుకునే తెలుగు కుర్రాడికి ఈ పోలిక చాలు, మిగతా వాదన అనవసరం. హోండా మాత్రం ఇది పరుగు పందెం కోసం కాదని, మలుపుల్లో ఆనందం కోసమని, పెట్రోలు పొదుపు అదనమని చెబుతోంది.

ఈ మాట హోండా ఇంతకుముందూ చెప్పింది. 2010లో సీఆర్-జడ్ అనే చిన్న హైబ్రిడ్ కూపేను తెచ్చింది. 1.5 లీటర్ల ఇంజన్‌కు ఒక చిన్న మోటారు తోడు, పైగా చేతి గేర్లు. పొదుపు కోరుకున్నవాడికి అది ప్రియస్ అంత పొదుపుగా లేదు. వేగం కోరుకున్నవాడికి అందులో వేగమూ లేదు. ఆరేళ్లు నడిచి ఆగిపోయింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన బండి అది. ప్రెల్యూడ్‌లో మోటారు బలం చాలా పెరిగింది కానీ, అనుమానం మాత్రం అదే.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ బలంతో ఒక చక్రాన్ని తిప్పి, దాంతో బయటి గాలిని నొక్కి మళ్లీ ఇంజన్‌లోకి పంపడం. చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా పనిచేస్తుంది. పొగ తగినంత రాకపోతే, అంటే తక్కువ వేగంలో, ఆ బలం ఆలస్యంగా అందుతుంది. హైబ్రిడ్ దీనికి తలకిందులు. మోటారు బలం మొదటి క్షణం నుంచే ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ దాని మేలు తగ్గుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. కాబట్టి ఏది మేలన్నది బండి కంటే దారి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

కూపే చేసేవాళ్ల దగ్గర హైబ్రిడ్ లేదు

మన దేశంలో ఈ చర్చకు వేరే రూపం ఉంది. రెండు తలుపుల చవక కూపే ఇక్కడ అసలు లేదు. ఉన్నది కూపే కప్పు పెట్టుకున్న ఎస్‌యూవీ. 2024 ఆగస్టులో సిట్రోయెన్ బసాల్ట్ రూ.7.99 లక్షల ప్రారంభ ధరకు వచ్చింది. అదే నెలలో టాటా కర్వ్ విద్యుత్ రూపంలో రూ.17.49 లక్షలకు, సెప్టెంబర్‌లో పెట్రోల్, డీజిల్ రూపాల్లో రూ.9.99 లక్షలకు వచ్చింది. బసాల్ట్ టర్బో ఇంజన్ 110 పీఎస్, కర్వ్‌లో మెరుగైన టర్బో పెట్రోల్ 125 పీఎస్. రెండూ 1.2 లీటర్ల ఇంజన్లే. స్పోర్ట్స్ అన్న మాటను కాస్త ఉదారంగా వాడితే తప్ప వీటికి అతకదు. అయినా తొలిసారి కారు కొనే మధ్యతరగతికి 'కూపే' అన్న ఆశను చూపించినవి ఇవే.

ఈ కూపే ఎస్‌యూవీల్లో ఒక్కదానిలోనూ హైబ్రిడ్ లేదు. హైబ్రిడ్ ఉన్నది మారుతీ గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ లాంటి బండ్లలో. అవి నిటారుగా, కుటుంబ పెద్దలా ఉంటాయి. హోండా సిటీలో 2022 మే నుంచి హైబ్రిడ్ దొరుకుతోంది. ప్రెల్యూడ్‌లో ఉన్న వ్యవస్థకు అది చిన్న తమ్ముడే. రెండు మోటార్లు, పట్టణంలో ఎక్కువసేపు ఇంజన్ కేవలం జనరేటర్‌లా పనిచేయడం, అంతా అదే పద్ధతి. అండమాన్ సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న థాయ్‌లాండ్‌లో హోండా అదే సిటీ కారును 1 లీటరు టర్బోతోనూ, హైబ్రిడ్‌తోనూ అమ్మింది. కొనేవాడు రెండింటినీ నడిపి చూసి తేల్చుకోగలిగాడు. ఇక్కడి కొనుగోలుదారుకు ఒకే బండిలో ఆ రెండు దారులూ పక్కపక్కన దొరకలేదు.

దీనికి కారణం ఇంజనీరింగ్ కాదు, వ్యాపారం. హైబ్రిడ్లకు రాయితీలు ఇవ్వకూడదు, ఇస్తే పూర్తి విద్యుత్ వాహనాలకే ఇవ్వాలి అన్నది టాటా వాదన. ఆ కంపెనీ పెట్టుబడి అంతా అటే ఉంది. హైబ్రిడ్ కూడా ఇంధనం ఆదా చేస్తుంది కదా, దాన్నీ గుర్తించండి అన్నది టొయోటా, మారుతీల వాదన. వాళ్ల పెట్టుబడి ఇటు ఉంది. ఎవరి గోదాములో ఏ సరుకుందో చూస్తే ఎవరి సిద్ధాంతం ఏమిటో తెలిసిపోతుంది.

పన్ను ఇందులో నిశ్శబ్దంగా ఒక పని చేసింది. 2025 సెప్టెంబర్ 22కు ముందు, 4 మీటర్లు దాటిన 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ బండి మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం ఉండేది. అదే పరిమాణం ఉన్న హైబ్రిడ్ మీద 43 శాతం. తేడా చిన్నదే కానీ హైబ్రిడ్ వైపు మొగ్గు ఉండేది. కొత్త విధానంలో రెండింటికీ 40 శాతమే. విద్యుత్ వాహనానికి ఎప్పటిలాగే 5 శాతం. బసాల్ట్, కర్వ్ రెండూ 4.3 మీటర్లు పైబడినవే కాబట్టి, 4 మీటర్ల లోపు చిన్న బండ్లకు దక్కిన 18 శాతం వాటికి దక్కలేదు. టర్బోకు అయిదు శాతం తగ్గితే హైబ్రిడ్‌కు మూడు శాతమే తగ్గింది. ఇంధనం ఎవరు ఎంత తాగుతారన్నది ఈ పట్టికలో ఎక్కడా లేదు.

82 రూపాయల పెట్రోలు

ఇక దీవులకు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 3.8 లక్షల మంది ఉంటే, వారిలో 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది, తెలుగు మాతృభాషగా ఉన్నవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, తర్వాత ఉద్యోగాలకు వెళ్లినవారి పిల్లలు, మనవలు. విశాఖ నుంచి ఓడలో సుమారు 1,200 కిలోమీటర్లు. 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటవాలు వీధులు ఎక్కువ. ఒక వీధి ఎక్కితే ఇంకోటి దిగడమే. ఇలాంటి ఎక్కుడు దిగుడు పట్టణంలో, తక్కువ వేగంలో, హైబ్రిడ్‌కు ఎదురుండకూడదు. దిగేటప్పుడు నింపుకున్న కరెంటుతో ఎక్కేటప్పుడు సాగిపోవచ్చు. అడవి దారిలో 40 కిలోమీటర్ల బారు కూడా దానికి పుట్టిల్లు లాంటిదే.

టర్బోకు అనుకూలించే పరిస్థితి ఇక్కడ ఒక్కటీ లేదు. టర్బో గొప్పతనం ఎత్తైన చోట తెలుస్తుంది. లేహ్ లాంటి చోట గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. అక్కడ మామూలు ఇంజన్ ఆయాసపడుతుంది, టర్బో గాలిని నొక్కి పంపి ఆ లోటు పూడుస్తుంది. అండమాన్‌లో రోడ్డే దాదాపు సముద్ర మట్టంలో ఉంది. గాలికి కొరత లేదు, అయితే అది వేడిగా, తడిగా ఉంటుంది. నొక్కితే ఇంకా వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు ఎదురుగాలి కావాలి. బారులో నత్తనడకన పోయే బండికి ఆ ఎదురుగాలి అందదు. అప్పుడు ఇంజన్‌ను కాపాడటానికి కంప్యూటరే బలాన్ని కాస్త తగ్గిస్తుంది. బండి చెడిపోదు గానీ, డబ్బు పోసి కొన్న బలం మాత్రం ఉన్నా లేనట్టే.

ఇంతవరకు హైబ్రిడ్‌దే గెలుపు. కొనేవాడి జేబు దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది.

దేశంలో పెట్రోలు అతి చవకగా దొరికే చోట్లలో అండమాన్ ముందుంటుంది. అమ్మకపు పన్ను నామమాత్రం కావడమే కారణం. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు పలుకుతున్నప్పుడు అక్కడ 82 రూపాయల చిల్లర. వందల మైళ్లు ఓడలో వచ్చిన పెట్రోలు, ఊరి పక్కన డిపో ఉన్న నగరంలోకంటే 25 రూపాయలు చవక. పైగా దీవిలో తిరగడానికి దూరమే లేదు.

ఒక లెక్క వేసి చూడవచ్చు. టర్బో బండి పట్టణంలో లీటరుకు 14 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. కంపెనీలు ప్రకటించే అంకెలు వేరు. బసాల్ట్ టర్బోకు 19.5, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు 27.97. కానీ ఏసీ వేసుకుని ఎండలో నడిపేవాడికి ఆ అంకెలు పోస్టర్ మీద బొమ్మలే. హైబ్రిడ్‌కు అదనంగా రెండు లక్షలు పెట్టాల్సి వచ్చిందనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి సుమారు 320 లీటర్లు, అంటే 34 వేల రూపాయలు మిగులుతాయి. ఆరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. దీవిలో ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి మిగిలేది 170 లీటర్లు, 14 వేల రూపాయలు. రెండు లక్షలు తిరిగి రావడానికి 14 ఏళ్లు పడుతుంది. ఉప్పుగాలిలో అన్నేళ్లు ఏ కారు బాగుంటుందన్నది వేరే ప్రశ్న. బ్యాటరీకి మారుతీ, టొయోటా ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు.

ఉప్పుగాలి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. హైబ్రిడ్లు, విద్యుత్ బండ్లు ఎక్కువగా మోటారుతోనే వేగం తగ్గించుకుంటాయి. బ్రేకు డిస్కులకు పని తక్కువ. లోపలి నగరాల్లో ఇది లాభమే, ప్యాడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. సముద్రపు గాలిలో మాత్రం రాపిడి లేని డిస్కు తుప్పు పడుతుంది. అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేసి తుప్పు రాల్చాలి. బ్రోచర్లలో రాయరు గానీ తీరప్రాంత మెకానిక్కులకు తెలిసిన విషయమే. విడి భాగం ఏదైనా కావాలంటే చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి రావాల్సిందే. టర్బో అయినా, ఇన్వర్టర్ అయినా ఎదురుచూపు ఒకటే.

డీజిల్‌తో నడిచే విద్యుత్ కారు

టర్బో, హైబ్రిడ్ గొడవ ఎందుకు, నేరుగా విద్యుత్ కర్వ్ కొనుక్కుంటే పోదా అన్న ప్రశ్న సహజం. పన్ను 5 శాతమే, శబ్దం ఉండదు, దీవి దూరాలకు ఒక్క చార్జి వారం వస్తుంది. ఎన్టీపీసీ అనుబంధ సంస్థ ద్వారా రాజధానిలో విద్యుత్ బస్సులు ఇప్పటికే తిరుగుతున్నాయి. ఇబ్బంది కారులో లేదు, గోడకున్న ప్లగ్గు వెనుక ఉంది.

అండమాన్‌కు దేశపు గ్రిడ్‌తో లంకె లేదు. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్‌లో 5.25 మెగావాట్ల చిన్న జల విద్యుత్ కేంద్రం, దక్షిణాన కొన్ని సౌర కేంద్రాలు తప్పిస్తే మిగతాదంతా ప్రధానంగా డీజిల్ జనరేటర్లే. ఒకప్పుడు హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర పవర్ కార్పొరేషన్ కూడా బాంబూ ఫ్లాట్‌లో 20 మెగావాట్ల డీజిల్ కేంద్రం నడిపింది. ఓడలో వచ్చిన డీజిల్‌ను కాల్చి తీసిన కరెంటు ఖర్చుకు, వినియోగదారు కట్టే బిల్లుకు పొంతన లేదు. తేడా కేంద్ర ఖజానా భరిస్తుంది.

మంచి జనరేటర్ లీటరు డీజిల్‌కు సుమారు 3.8 యూనిట్లు ఇస్తుంది. తీగల్లో 15 శాతం పోతే ఇంటికి చేరేది 3.2. చార్జింగ్‌లో ఇంకో పదో వంతు పోతే బ్యాటరీలో మిగిలేది 2.9. యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడిస్తే మొత్తం 20 కిలోమీటర్లు. అంటే డీజిల్ కరెంటుతో నడిచే విద్యుత్ కారు మైలేజీ లీటరుకు 20. పైన హైబ్రిడ్‌కు వేసుకున్న అంకె కూడా అదే. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. ఆ లెక్కన కిలోమీటరుకు విద్యుత్ కారు 135 గ్రాములు, హైబ్రిడ్ 115, టర్బో 165. కరెంటులో అయిదో వంతు సౌరశక్తి అయితే విద్యుత్ కారు 108కి దిగి హైబ్రిడ్‌ను దాటుతుంది. అంతా ఆ సౌరశక్తి వాటా మీదే ఉంది.

ఆ వాటా పెరుగుతోంది, కానీ రాత్రి సంగతి ఇంకా తేలలేదు. ఎన్‌ఎల్‌సీ ఇండియా దక్షిణ అండమాన్‌లో 20 మెగావాట్ల సౌర కేంద్రం, దానికి తోడుగా 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టింది. మబ్బు కమ్మినప్పుడు సరఫరా తూలకుండా పట్టుకోవడానికే ఆ బ్యాటరీ. దానిలోని కరెంటంతా కార్లకే పోస్తే 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కర్వ్‌లు 180 కూడా నిండవు. అందరిలాగే ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదికి ప్లగ్గు పెట్టే యజమాని, తెలిసో తెలియకో, డీజిల్ కారే నడుపుతున్నాడు. మధ్యాహ్నం పార్కింగులో చార్జింగ్ పెట్టే ఏర్పాటు ఉంటే అదే కారు మూడింటిలోనూ మెరుగైనది అవుతుంది. బ్యాటరీ రకం కంటే పార్కింగు షెడ్డు ముఖ్యం అయ్యే చోటిది.

కారు దీవికి చేరేది కూడా ఓడలోనే అన్నది మరవకూడదు. 2023 జనవరిలో నార్వేకు చెందిన హావిలా సంస్థ తన ప్రయాణికుల ఓడల్లోకి విద్యుత్, హైబ్రిడ్ కార్లను రానివ్వబోమని ప్రకటించింది. మంటలు లేస్తే ఆర్పడం కష్టమన్నది కారణం. హైబ్రిడ్‌ను కూడా అదే గాటన కట్టడం కొంచెం అతి. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ 0.76 యూనిట్లు, కర్వ్ ఈవీది దానికి దాదాపు అరవై రెట్లు.

ఎవరి పొదుపు?

అండమాన్‌లో చిక్కు ఇదీ. దీవికి హైబ్రిడ్ మేలు. ఓడలో రావాల్సిన ఇంధనం తగ్గుతుంది, జనరేటర్ మీద అదనపు బరువు పడదు. కొనేవాడికి మాత్రం టర్బో చవక, ఎందుకంటే పెట్రోలు చవక, తిరుగుడు తక్కువ. విద్యుత్ కారు అతనికి ఇంకా చవక, ఎందుకంటే దాని డీజిల్ బిల్లులో చాలా భాగం ఢిల్లీ కడుతోంది. ముగ్గురూ తెలివిగానే లెక్క వేసుకుంటున్నారు. ఆ మూడు లెక్కలూ కలిపి చూసే వ్యవస్థ మాత్రం లేదు.

దేశవ్యాప్తంగా 2027 ఏప్రిల్ నుంచి అమలు కావాల్సిన కొత్త ఇంధన సామర్థ్య నిబంధనల మీద కంపెనీల మధ్య పోరు 2025 చివర్లో బయటపడింది. చిన్న కార్లకు వెసులుబాటు ఇవ్వాలా, హైబ్రిడ్‌ను ఎన్ని బండ్ల కింద లెక్కించాలి, విద్యుత్ కారును ఎన్నింటి కింద లెక్కించాలి అన్నదే అందులో అసలు విషయం. ఆ లెక్కల్లో విద్యుత్ కారు పొగ గొట్టం దగ్గర సున్నా. ఆ సున్నా శ్రీ విజయపురంలో 135 గ్రాములు, సౌర, పవన విద్యుత్తు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో మధ్యాహ్నం దానిలో చాలా తక్కువ. నిబంధనల్లో ఊరికో అంకె రాయడం కుదరదు, నిజమే. కనీసం చార్జింగ్ వేళను బట్టి కరెంటు ధర మార్చడం, పగటి చార్జింగ్‌కు షెడ్లు వేయడం మాత్రం దీవుల పాలనా యంత్రాంగం చేతిలో ఉన్న పనే.

ఇక కూపే కప్పు చూసి మనసు పారేసుకున్నవాళ్ల సంగతి. బసాల్ట్‌లో టర్బో లేని 82 పీఎస్ ఇంజన్ కూడా ఉంది. రూ.7.99 లక్షలకు మొదట అమ్మింది దాన్నే. మోటారు పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, హైవే మీద లారీని దాటాలంటే బలం చాలదన్నాయి. జిర్కాటాంగ్ బారులో లారీని దాటడం ఎలాగూ నిషేధం. ఆ దారిని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అది మూతపడలేదు, బండ్లు పెరిగాయి. మిడిల్ స్ట్రెయిట్ చేరాక టర్బో, హైబ్రిడ్, విద్యుత్ కారు, మూడూ ఇంజన్ ఆపి ఒకే ఫెర్రీ ఎక్కి అవతలి బారాటాంగ్ ఒడ్డుకు చేరతాయి. ఆ ఫెర్రీ నడిచేది డీజిల్‌తో.